నాలుగువందల పదకొండో పోగు

ఆ గీతను అందరికంటే ముందు చూసింది పడుగు పిన్నే. చూసి, చూడనట్టు నూలు కండెల బుట్ట సర్దుకుంది.

పొద్దున పది గంటల వెలుతురు ఉత్తరం కిటికీల్లోంచి ఏడో మగ్గం మీద పడుతోంది. ఆ మగ్గం మీద నేస్తున్న ఆర్టిస్టు ఇంకా రాలేదు. నాలుగు మూరల బట్ట నేసి ఉంది. నిలువున నల్లటి నూలు పడుగు, అడ్డంగా బూడిదరంగు ఉన్ని పేక. ఏటవాలు నేత అది. సన్నటి చారలన్నీ ఒకే వాలున, గాలికి వాన ఏటవాలుగా కొట్టినట్టు సాగాలి. సాగుతున్నాయి కూడా. ఒక్క చోట మాత్రం, నడిమధ్యకు కాస్త ఎడమగా, వాన విరిగింది. పైనుంచి కిందికి వెంట్రుకంత గీత. అటు చారలు అటే ఆగాయి, ఇటు చారలు ఇటే మొదలయ్యాయి.

ఈ మధ్య తన కళ్ళను తనే నమ్మడం లేదు. అందుకని బుట్ట పక్కన పెట్టి మళ్ళీ వచ్చి గోటితో తడిమింది. గోరు తట్టుకుంది.

పేకలో తప్పు పడితే బాధ లేదు. నాలుగు వరసలు విప్పి మళ్ళీ నేస్తే పుట్టనట్టే. పడుగులో తప్పు అలా కాదు. మొదటి అంగుళంలో పుట్టి చివరి అంగుళం దాకా వెంటబడి వస్తుంది. అది నేసినవాళ్ళ తప్పు కాదు, పడుగు ఎక్కించినవాళ్ళ తప్పు. ఆ హాల్లో పదకొండు మగ్గాలుంటే, పదకొండింటికీ పడుగు ఎక్కించేది ఒక్క మనిషే.

హాలు ఊరందరిదీ అని గుమ్మం మీద బోర్డుంది. సభ్యులుగా చేరిన వాళ్ళెవరైనా వచ్చి నేసుకోవచ్చు. పళ్ళ డాక్టరు వస్తాడు, రిటైరైన లెక్కల టీచరమ్మ వస్తుంది, బ్యాంకులో పనిచేసే ఆడపిల్లలు ముగ్గురు కలిసి వస్తారు. నేసిన వాటిలో బాగున్నవాటిని అద్దాల తలుపు అవతల గ్యాలరీలో వేలాడదీస్తారు. పేక దారమున్న నాడెను అటూఇటూ విసరడం అందరికీ సరదా. కానీ నాడె ఆడాలంటే ముందు ఎనిమిదివందల నలభై పోగులను ఒక్కొక్కటిగా కొక్కెంతో పట్టి, అచ్చుల కళ్ళల్లోంచి లాగాలి. అచ్చంటే దారపు కళ్ళు బారుగా కట్టిన చట్రం. ఈ నేతకు నాలుగు అచ్చులు. మొదటి పోగు ఒకటో దాంట్లో, రెండోది రెండో దాంట్లో, అలా నాలుగు దాకా వెళ్ళి మళ్ళీ ఒకటికి. నడుం వంచి, మెడ మగ్గంలోకి దూర్చి రెండు రోజులు కూర్చుంటే ఒక పడుగు ఎక్కుతుంది. అది ఎవరికీ సరదా కాదు. దానికి పిన్ని ఉంది.

ఆమె అందరికీ పిన్నే. పిన్నీ అని పిలవాల్సిన అక్క కూతురు మాత్రం లోకంలో ఎక్కడా లేదు.

రెండు నెలల్లో రెండు ఫిర్యాదులు. పళ్ళ డాక్టరు మెడగుడ్డలో ఒక పోగు తప్పింది, టీచరమ్మ తుండుగుడ్డలో ఒక పోగు. రెండోసారి మేనేజరు ఆమెను గదిలోకి పిలిచి, టీ తెప్పించి మరీ చెప్పాడు.

"మూడోది వచ్చిందంటే నా చేతిలో ఉండదు పిన్నీ. కమిటీ మిమ్మల్ని రెస్టు తీసుకోమంటుంది."

రెస్టంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆదివారం హాలుకు సెలవు. సోమవారం పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్‌తో "తాళం తీశావా?" అన్నప్పుడు ఆమె గొంతు బొంగురుగా, ఎవరిదో పరాయిదానిలా వస్తుంది. శనివారం సాయంత్రం నుంచి వాడని గొంతు మరి. రెస్టంటే వారమంతా ఆదివారమే.

మగ్గం వెనక్కి వెళ్ళి, గొంతుక్కూర్చుని, బట్టకు ఎడమ అంచు నుంచి లెక్కపెట్టింది. నలభైకో గుత్తి. పది గుత్తులు దాటి పదకొండో గుత్తిలో, నాలుగువందల పదకొండో పోగు మూడో అచ్చులోకి వెళ్ళాల్సింది నాలుగో దాంట్లోకి వెళ్ళింది. నాలుగువందల పన్నెండోది దాని చోట్లోకి వచ్చి కూర్చుంది.

లెక్క తేలగానే ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

ఆ వేళ హాల్లో ఇద్దరే ఉన్నారు. ఆమె మగ్గంలో తల దూర్చి ఉంది. గ్యాలరీకి, హాలుకు కొత్త లైట్లు బిగించడానికి వచ్చిన కరెంటు మేస్త్రీ నిచ్చెన మీద ఉన్నాడు. చాలాసేపు ఇద్దరి మధ్యా స్క్రూడ్రైవరు కిర్రుమనడం, ఆమె గొణుగుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఉన్నట్టుండి పైనుంచి అతను అన్నాడు.

"అక్కా, ఇందాకట్నుంచీ వింటున్నా. ఒకటీ రెండూ మూడూ నాలుగూ, ఒకటీ రెండూ మూడూ నాలుగూ. ఐదు నీకు ఎవరూ నేర్పలేదా?"

ఆమె నవ్వింది. మామూలుగా కాదు, కొక్కెం వణికేలా, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఎన్నాళ్ళకు నవ్విందో. కొంగుతో కళ్ళొత్తుకుని మళ్ళీ పోగు అందుకుంది. అందుకున్నది మూడోదనుకుంది.

అదన్నమాట సంగతి. తన నవ్వు నాలుగు మూరల పొడుగున, అందరికీ కనబడేలా పరిచి ఉంది.

*

చెప్పేద్దామనే మర్నాడు ఆర్టిస్టు దగ్గరకు వెళ్ళింది. ఇప్పుడే చెబితే ప్రదర్శనకు ఇంకా వారం టైముంది, ఉన్నంతవరకు కోసేసి మళ్ళీ ఎక్కించొచ్చు. ఫిర్యాదు రాస్తారు. రాస్తే రాస్తారు. తప్పు బట్ట తన చేతి మీదుగా గోడెక్కడం ఆమెకు మింగుడుపడలేదు.

ఆర్టిస్టుకు నలభై ఏళ్ళుంటాయి. రంగుల బొమ్మల్లో పేరు సంపాదించి నేతలోకి కొత్తగా వచ్చింది. మనిషి చెడ్డది కాదు. పిన్నికి కుర్చీ జరిపింది.

"రండి పిన్నిగారూ. ఈ గీత చూశారా?"

"చూశానమ్మా. అదే చెబుదామని..."

"మొదట కనబడ్డప్పుడు భయమేసింది. ఏదో పాడుచేశాననుకున్నా. ఆగి చూస్తే... ఎంత బాగుందో! మొత్తం బట్టకి అదే ప్రాణం. మగ్గం నాతో మాట్లాడినట్టు అనిపించింది."

"మగ్గం మాట్లాడదమ్మా. నేను ఎక్కించేటప్పుడు..."

"వద్దు, వద్దు." ఆర్టిస్టు నవ్వుతూ రెండు చేతులూ ఎత్తింది. "ఎలా వస్తుందో చెప్పకండి. చెబితే దాని మాయ పోతుంది."

పిన్ని నిలబడింది. ఆర్టిస్టు నాడె అందుకుని, కాలిపలక తొక్కి, మళ్ళీ పనిలో పడింది. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. గీత ఇంకో పేకంత పెరిగింది.

పన్నెండేళ్ళుగా ఈ హాల్లో ఆమె ఎక్కించిన పోగులు ఎన్ని లక్షలో ఎవరూ లెక్కపెట్టలేదు. సరిగ్గా ఉన్న పడుగును చూసి "ఎంత బాగుందో" అన్న మనిషి పుట్టలేదు. సరిగ్గా ఉంటే అది కనబడదు, అంతే. గోడలో ఇటుక కనబడుతుందా? మొట్టమొదటిసారి ఒకరు ఆమె పనిని మెచ్చుకున్నారు. ఆ పని తప్పు. పైగా మెప్పు మగ్గానికి పోయింది.

*

ప్రదర్శన సాయంత్రం ఐదింటికి. గ్యాలరీ నిండా మంచి బట్టలు కట్టుకున్న జనం. కొత్త లైట్ల కింద ఎదుటి గోడ మీద ఆ బట్ట ఒక్కటే, నిలువెత్తున. కింద చిన్న అట్ట. అట్ట మీద పేరు, 'పగులు'. దాని కింద ఆర్టిస్టు పేరు. పిన్ని తన పేరు కోసం వెతకలేదు. ఉంటే బెంబేలెత్తిపోయేది.

ఆమె వెనక గోడకు, స్విచ్చుల బోర్డు పక్కన నిలబడింది. అక్కడే కరెంటు మేస్త్రీ ఉన్నాడు, లైట్లు ఏవైనా మొరాయిస్తే చూసుకోవడానికి.

పత్రికల్లో కళ గురించి రాసే పెద్దాయన మైకు పట్టుకున్నాడు. తెల్లగడ్డం, మెడలో కండువా, ఒక్కో మాటకూ మధ్య గుటక మింగేంత విరామం.

"ఈ గీతను చూడండి. మధ్యలో లేదు. కాస్త ఎడమగా ఉంది. ఎందుకు? గుండె ఉండే చోటది. ఒక స్త్రీ ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం, ఒక మౌన రోదన, ఇలా నిలువునా చీలి..."

"ఎదురుగా నిలబడ్డ మనిషికి గుండె మనకు కుడివైపు కదా ఉండాలి?" అన్నాడు మేస్త్రీ పిన్ని చెవి దగ్గర.

ఆమె పెదవి బిగబట్టుకుంది. ఆ మనిషి పక్కనుంటే ప్రమాదం. ఈ మాట అతనికి కాకపోతే ఇంకెవరికి చెబుతుంది?

"తమ్ముడూ, ఆ గీత నీదే," అంది మెల్లిగా.

"నాదా?"

"ఆ రోజు నువ్వు నిచ్చెన మీంచి ఏదో అన్నావు. నేను నవ్వాను. పోగు తప్పింది. అదీ ఆ గీత."

"ఏమన్నాను?"

"ఐదు నీకు ఎవరూ నేర్పలేదా అన్నావు."

అతను తల గోక్కున్నాడు. గుర్తుచేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు, పాపం. "అలా అన్నానా? ఏమో అక్కా. పొద్దున లేస్తే నోరు ఊరుకోదు నాకు. ఎక్కడ ఎవరితో ఏం వాగానో ఎవడికి గుర్తుంటుంది!" అని, మిణుకుమంటున్న లైటు కేసి చూసి, జనాన్ని తప్పించుకుంటూ అటు వెళ్ళిపోయాడు.

పిన్ని స్విచ్చుల బోర్డు పక్కన ఒక్కతే మిగిలింది. ఇన్ని రోజులూ ఆ మాటను ఎన్నిసార్లు నెమరేసుకుందో. బస్సులో, స్టవ్ దగ్గర, జడ వేసుకుంటూ. అవతలి మనిషికి అది తుమ్మినంత కూడా కాదు.

చప్పట్లు మోగాయి. పెద్దాయన "ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే..." అన్నాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ ఖాళీలోకి పిన్ని గొంతు బొంగురుగా వచ్చి పడింది.

"ఏడుపు కాదండీ అది. తప్పు. పడుగు ఎక్కించేటప్పుడు రెండు పోగులు అటూఇటూ అయ్యాయి. నేనే ఎక్కించాను. అప్పుడు నేను నవ్వుతున్నాను."

పెద్దాయన ఎంతో దయగా నవ్వాడు. "చూశారా! చేతికి తెలిసింది కొన్నిసార్లు మనిషికి తెలియదు. ఆమె నవ్వాననుకుంది. చెయ్యి ఏడ్చింది." ఇంకా పెద్ద చప్పట్లు. కొందరు వెనక్కి తిరిగి ఆమెకేసి కూడా కొట్టారు, పసిపిల్ల పద్యం అప్పజెబితే కొట్టినట్టు.

మేనేజరు మోచెయ్యి పట్టుకుని ఆమెను అద్దాల తలుపు ఇవతలకు తీసుకొచ్చాడు. గట్టిగా పట్టుకోలేదు. పట్టుకున్నాడు, అంతే.

*

మర్నాడు మేనేజరు గదిలో టీ లేదు. విషయం మాత్రం తీపిదేనన్నట్టు మొదలుపెట్టాడు.

"ఓ పెద్ద హోటలు వాళ్ళకు తెగ నచ్చిందట పిన్నీ. వరండాకి ఐదు కావాలన్నారు. ఐదూ ఒక్కలా ఉండాలి. అదే చోట, అదే గీత. పడుగులు మీరే ఎక్కించాలి. మీకు తప్ప ఇంకెవరికీ రాదు."

"నాకూ రాదండీ. జరిగింది."

"అదే. ఆ మాటే ఇంకెక్కడా అనకండి." అతను కుర్చీ ముందుకు జరిపాడు. "తప్పు మీదంటే మూడో ఫిర్యాదు అవుతుంది. గీత ఆర్టిస్టుదంటే కళ అవుతుంది. ఏది కావాలో మీరే చూసుకోండి. ఈ ఐదూ చేశారనుకోండి, మిమ్మల్ని కదిలించే మగాడు లేడు. కళ్ళు కనబడకపోయినా అడగరు. కాకపోతే ఈసారి పొరపాటు జరగకూడదు."

"పొరపాటును పొరపాటు లేకుండా చెయ్యాలి. అంతేనా?"

"అంతే."

"మరి ఆ పొరపాటులో పొరపాటు జరిగితే?"

నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. ఆలోచించి, సీరియస్‌గా చెప్పాడు. "అప్పుడది ఫిర్యాదే పిన్నీ. వాళ్ళకు ఫోటోలు వెళ్ళిపోయాయి."

ఆమె గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఇన్నాళ్ళూ తప్పు చేస్తే తీసేస్తామన్నారు. ఇప్పుడు చెయ్యకపోతే తీసేస్తారు. మూడేళ్ళ పిల్ల కూడా ఇంత తిరకాసు పెట్టదు.

"సరే," అంది. సోమవారం పొద్దుటి గొంతు గుర్తొచ్చి అంది.

ఏడో మగ్గం మీద కొత్త పడుగు వేసుకుంది. మొదటి రోజు నాలుగువందల పోగులు ఎక్కాయి. మామూలుగా మధ్యాహ్నం మెడ నొప్పి పుట్టే దాకా ఆమెకు ఏమీ తెలియదు, చేతులు వాటి పని అవే చూసుకుంటాయి. ఈసారి అలా కుదర్లేదు. ఒక్కో పోగూ మనసులో బరువుగా దిగింది. ముందెక్కడో గొయ్యి ఉందని తెలిసి నడుస్తున్నట్టుంది.

రెండో రోజు పొద్దున నాలుగువందల పదకొండు వచ్చింది. కొక్కెం మూడో అచ్చు కంట్లోకి దానంతటదే దూరింది. బయటకు లాగింది. మళ్ళీ దూర్చబోతే మళ్ళీ మూడో దాంట్లోకే వెళ్ళింది. చివరకు ఎడంచేత్తో తన కుడి మణికట్టును తనే పట్టుకుని, మాట వినని పిల్లను బడికి లాక్కెళ్ళినట్టు, నాలుగో దాంట్లోకి లాక్కెళ్ళింది. పన్నెండోదాన్ని మూడో దాంట్లోకి. హాల్లో ఎవరూ లేరు. లైట్లు బిగించడం అయిపోయింది. నిచ్చెన కూడా లేదు.

ఆ సాయంత్రానికి పడుగంతా దువ్వెనలాంటి పన్నె పళ్ళల్లోంచి లాగి, బట్ట చుట్టుకునే ముందు కర్రకు కట్టేసింది. మర్నాడు ఆర్టిస్టు వచ్చి చూసుకోవడానికి నమూనాగా నాలుగు వేళ్ళ మేర నేసింది. గీత పడింది. నడిమధ్యకు కాస్త ఎడమగా, వెంట్రుకంత.

గ్యాలరీలోకి వెళ్ళి పాతదాన్ని చూసింది. వచ్చి కొత్తదాన్ని చూసింది. మళ్ళీ వెళ్ళింది. గోటితో తడిమింది. అచ్చు గుద్దినట్టున్నాయి. ఏ పెద్దాయనను పిలిచినా, ఏ భూతద్దం పెట్టినా రెండింటికీ తేడా తేల్చలేరు.

తేడా తెలిసిన మనిషి ఒక్కతే. పాతదాంట్లో ఏడుపు లేదు, ఒంటరితనం లేదు, ఆయన అన్నవేవీ లేవు. ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులున్న హాలు ఉంది. ఆయన చెప్పినవన్నీ ఇదిగో, ఇందులో ఉన్నాయి. మణికట్టు పట్టుకుని లాక్కొచ్చిన దీంట్లో. ఇలాంటివి ఇంకా నాలుగు చెయ్యాలి. ఆ తర్వాత పది అడుగుతారు.

స్టూలు మీద కూర్చుని చాలాసేపు బట్టకేసి చూసింది. తర్వాత నాలుగు వేళ్ళ పేకనూ వరసవరసగా విప్పింది. పదకొండో గుత్తి ముడి ఊడదీసింది. రెండు పోగులను వెనక్కి లాగి, కొక్కెం అందుకుంది. ఈసారి మణికట్టును ఎవరూ పట్టుకోవలసిన పని లేకపోయింది.

*

మర్నాడు మేనేజరు, ఆర్టిస్టు కలిసే వచ్చారు. మగ్గం మీద మళ్ళీ నేసిన నాలుగు వేళ్ళ బట్ట. వాన ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎక్కడా తెగకుండా పడుతోంది.

"గీత ఏది?" అన్నాడు మేనేజరు.

"లేదు."

"ఎందుకు లేదు?"

"సరిగ్గా ఎక్కించాను కనక."

ఆర్టిస్టు వంగి వేళ్ళతో బట్ట నిమిరింది. "పిన్నిగారూ, నాకోసం ఒక్కసారి... నాకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. అది లేకపోతే ఇది ఒట్టి బట్ట."

"ఒట్టి బట్టేనమ్మా. నేను ఎక్కించేది ఒట్టి బట్టకే." పిన్ని స్టూలు కాలితో ముందుకు తోసింది. "గీత కావాలంటే మీరే కూర్చుని ఎక్కించండి. పక్కన కూర్చుని నేర్పుతాను. తప్పు గురించి బెంగ పెట్టుకోకండి, అడక్కపోయినా వస్తుంది. ఒకటేమిటి, పది వస్తాయి."

ఆర్టిస్టు ఎనిమిదివందల నలభై పోగులకేసి చూసింది. స్టూలుకేసి చూసింది. ఆ ముఖంలో ఒక్క క్షణం కూర్చుందామా అన్నట్టే కనిపించింది. తర్వాత ఫోన్ తీసి టైము చూసుకుని, "మళ్ళీ మాట్లాడదాం," అని మేనేజరుతోనో పిన్నితోనో తెలియకుండా అని వెళ్ళిపోయింది.

మేనేజరు గదిలోకి వెళ్ళి ఫైలు తెచ్చాడు. మగ్గం పక్కనే నిలబడి తెరిచాడు. "నేను చెప్పాను పిన్నీ. చెప్పానా, లేదా? ఇక నన్ననకండి." పెన్ను మూత తీశాడు. తారీకు వేశాడు. 'మూడో ఫిర్యాదు' అని రాశాడు. దాని కింద గీత కొట్టాడు. ఆగాడు.

"రాయండి," అంది ఆమె.

"రాస్తున్నా."

"ఉన్నదున్నట్టు రాయండి. ఎనిమిదివందల నలభై పోగులూ సరిగ్గా ఎక్కించింది, అని."

"అలా ఎలా రాస్తాం? కమిటీ చదివితే..." అతను పెన్నుతో చెవి వెనక గోక్కున్నాడు. గొంతు తగ్గించాడు. "పోనీ మీరే మానేస్తున్నట్టు ఓ ముక్క రాసిచ్చేయండి. ఓపిక లేదని. మీకూ మర్యాదగా ఉంటుంది, నాకూ గొడవ ఉండదు."

"నేను మానడం లేదు. మానమంటున్నది మీరు. ఎందుకో మీరే రాయాలి."

"పిన్నీ..."

"నాకు అక్క లేదు బాబూ, మీకు నేను పిన్నిని కాను. పడుగు ఎక్కించే దాన్ని. అదే రాయండి."

చెంప మీద కొట్టినట్టయింది అతనికి. కాగితం మీద పెన్ను ఆన్చాడు, ఎత్తాడు. మళ్ళీ ఆన్చాడు. ఆన్చిన చోట సిరా చుక్క లావెక్కుతోంది తప్ప అక్షరం పుట్టడం లేదు.

రెండో మగ్గం మీద పళ్ళ డాక్టరు కొత్త పడుగు రెండు రోజులుగా ఎదురుచూస్తోంది. ఆమె స్టూలు ఈడ్చుకుంటూ అక్కడికి వెళ్ళింది. కూర్చుని నడుం సర్దుకుంది. కళ్ళజోడు చీర చెంగుతో తుడిచి పెట్టుకుంది. మొదటి గుత్తి ముడి విప్పి, ఎడంచేత్తో పోగును వేరు చేసి, కొక్కెం ఎత్తింది. పోగు కనబడలేదు. తల పైకెత్తి చూసింది. మేనేజరు ఫైలు తెరిచే పట్టుకుని ఆమె వెనకే వచ్చి, కిటికీకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"కాస్త పక్కకు జరగండి," అంది. "వెలుతురుకు అడ్డొస్తున్నారు."